ఏఐ ఏజెంట్ చదివే టూల్ డాక్యుమెంటేషన్‌లో ఏం రాయాలి, ఎంత రాయాలి?

వెన్నెల_కోడ్:
అందరికీ నమస్తే. మా టీమ్‌లో టికెట్ సిస్టమ్ ఒకటుంది, దానికి ఈమధ్యే ఎంసీపీ సర్వర్ (ఏఐకి బయటి టూల్స్ అందించే ఒక ప్రామాణిక పద్ధతి ఎంసీపీ) కట్టి ఏజెంట్‌కి, అంటే తనే టూల్స్ పిలిచి పని చేసే ఏఐకి, తగిలించారు, ఇప్పుడు చూసుకునే పని నాకొచ్చింది. టూల్స్ అన్నీ నడుస్తున్నాయి, కోడ్‌లో బగ్ లేదు, కానీ ఏజెంట్ తప్పు టూల్ పట్టుకుంటోంది. టికెట్ నంబర్ చేతిలో ఉన్నా గెట్_టికెట్ వదిలేసి సెర్చ్_టికెట్స్ పిలుస్తుంది, యూజర్ అన్న ఫీల్డ్‌లో ఒకసారి ఈమెయిల్ పెడుతుంది ఇంకోసారి పేరు పెడుతుంది, ఖాళీ లిస్ట్ వస్తే అలాంటి టికెట్టే లేదని తేల్చేసి కొత్తది ఓపెన్ చేసేస్తుంది. డిస్క్రిప్షన్లు చూస్తే ఒక్కోటి ఒక్కో లైను, "టికెట్లను వెతుకుతుంది", "టికెట్ తెస్తుంది", అంతే.

మనుషుల కోసం రాయడం తెలుసు. ఏజెంట్ చదువుతుందంటే ఏం మారాలి, ఎంత పొడుగు రాయొచ్చు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాత_టెర్మినల్:
వెన్నెల గారూ, మీరు చెప్పిన మూడూ ఒకే చోట నుంచి వస్తున్నాయి. మోడల్‌కి మీ టూల్ గురించి కనపడేవి ముఖ్యంగా మూడు: పేరు, డిస్క్రిప్షన్, ఇన్‌పుట్ స్కీమా (ఏ ఫీల్డ్‌లో ఎలాంటి విలువ ఇవ్వాలో చెప్పేది). మనకి అనుమానం వస్తే వికీ తీస్తాం, సోర్స్‌లోకి తొంగి చూస్తాం, పక్క సీట్లో వాళ్లని అడుగుతాం, ఎప్పుడో చాట్‌లో ఎవరో అన్న మాట గుర్తు చేసుకుంటాం. దానికి అవేవీ ఉండవు, ఆ ఒక్క లైన్ చూసి అప్పటికప్పుడు తేల్చుకోవాలి. "టికెట్లను వెతుకుతుంది" అబద్ధమేం కాదు గానీ పేరులోనే ఆ సంగతి ఉంది కదా, మళ్లీ అదే చెప్తే ఎంచుకోవడానికి ఏం ఉపయోగం.

నేనైతే ఒక టూల్‌కి రాసేముందు దానితో పొరబడేంత దగ్గరగా ఉన్న ఇంకో టూల్ ఏదో చూసుకుంటా, ఏది ఎప్పుడు అన్నది రెండిట్లోనూ రాస్తా. మీ సెర్చ్_టికెట్స్‌కి అయితే ఇలా రాసేవాణ్ణి:

"టైటిల్‌లో, బాడీలో ఉన్న పదాలతో టికెట్లు వెతకడానికి. టికెట్ నంబర్ తెలిస్తే ఇది వాడొద్దు, గెట్_టికెట్ వాడాలి. ఏమీ చెప్పకపోతే ఓపెన్ టికెట్లలోనే వెతుకుతుంది, మూసేసినవి కూడా కావాలంటే స్టేటస్‌కి ఆల్ ఇవ్వాలి. ఒక్కసారికి 50 కంటే ఎక్కువ రావు, ఇంకా ఉంటే తర్వాతివి అడగడానికి నెక్స్ట్_కర్సర్ వస్తుంది. కామెంట్లలో వెతకదు."

మీ కోడ్ నేను చూడలేదు కాబట్టి వివరాలు మీరే సరిచూసుకోవాలి, కానీ డీఫాల్ట్ ఫిల్టర్ ఏదైనా ఉందేమో ముందు చూడండి, ఎందుకంటే మూసేసిన టికెట్లు కనపడక ఖాళీ లిస్ట్ వస్తుంటే ఏజెంట్ కొత్తది తెరవడంలో తప్పేముంది, దానికి తెలిసినంత వరకు ఆ టికెట్ లేదు మరి.

నీలిగీత:
ఆ యూజర్ అన్న ఫీల్డ్ పేరు మార్చేయండి ముందు. రిక్వెస్టర్_ఐడీ అని పెట్టి, ఐడీ ఎలా ఉంటుందో స్కీమాలో ప్యాటర్న్ ఇచ్చి, "ఈమెయిల్ మాత్రమే తెలిస్తే ముందు ఫైండ్_యూజర్ పిలవాలి" అని ఒక వాక్యం రాయండి చాలు. స్టేటస్, ప్రయారిటీ లాంటివి ఈనమ్ (ఇచ్చిన లిస్ట్‌లోంచే విలువ ఎంచుకోవాల్సిన ఫీల్డ్) చేసేయండి. ఉత్త స్ట్రింగ్‌గా వదిలేస్తే అర్జెంట్, హై, పీ1 అన్నీ వస్తాయి, దేనికదే కరెక్ట్ అనిపిస్తుంది కూడా.

కీబోర్డ్_చప్పుడు:
నాకు ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. వాడొద్దు, మర్చిపోవద్దు, ముందు అది పిలవాలి అని డిస్క్రిప్షన్ నింపడం కంటే టూల్‌నే తప్పు చెయ్యలేని విధంగా మార్చడం మేలు. క్లాడ్ మోడల్స్ తయారు చేసే ఆంత్రోపిక్ వాళ్లు 2024 డిసెంబర్‌లో ఏజెంట్లు కట్టడం మీద రాసిన వ్యాసంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. వాళ్ల కోడింగ్ ఏజెంట్ రూట్ డైరెక్టరీ నుంచి బయటకి కదిలాక రిలేటివ్ పాత్‌లతో (ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కపెట్టేవి) తప్పులు చేస్తోందట, టూల్ ఎప్పుడూ అబ్సల్యూట్ పాతే (రూట్ నుంచి మొత్తం రాసేది) తీసుకునేలా మార్చేశారు, సమస్య పోయింది. జాగ్రత్త అని పది లైన్లు రాసినా ఆ ఫలితం వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. వెన్నెల గారి విషయంలో కూడా గెట్, సెర్చ్ రెండూ కలిపి ఒకటే చేసి, నంబర్ ఇస్తే నేరుగా తెచ్చేలా, పదాలు ఇస్తే వెతికేలా చేస్తే ఆ గొడవే ఉండదు.

పాత_టెర్మినల్:
@కీబోర్డ్_చప్పుడు పాత్ ఉదాహరణ నిజమే, ఒప్పుకుంటా. ఒక పారామీటర్ గురించి పేరా రాయాల్సి వస్తోందంటే ఆ పారామీటర్‌నే అనుమానించాలి. కానీ రెండు టూల్స్ కలిపెయ్యడం దగ్గర నాకు భయం. నంబర్ ఇస్తే ఒక ఆకారంలో జవాబు, పదాలు ఇస్తే ఇంకో ఆకారంలో జవాబు అంటే అప్పుడు ఆ రెండు ఆకారాలూ వివరించాలి, "403" అని ఎర్రర్ కోడ్ కోసం వెతికితే అది టికెట్ నంబర్ అనుకుంటుంది. స్కీమా చెప్పగలిగింది స్కీమాలో పెట్టాలి, అందులో సందేహం లేదు. ఎప్పుడు వాడాలి, ఎందుకు వాడాలి అన్నది మాత్రం స్కీమాలో చెప్పే దారి లేదు, అది వాక్యాల్లోనే రాయాలి.

లాగ్_ఫైల్:
ఖాళీ జవాబు గురించి ఎవరూ లోతుగా వెళ్లలేదు, నాకు అసలు విషయం అక్కడే ఉందనిపిస్తోంది.

కమాండ్ లైన్ నుంచి చూడండి. ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్‌కి ఒక్క లైనూ దొరక్కపోతే ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిశాక ఇచ్చే అంకె) 1 ఇస్తుంది, నిజంగా ఎర్రర్ అయితే 2. రెండు ఫైళ్లని పోల్చే డిఫ్ కూడా అంతే, ఫైళ్లు ఒకటే అయితే 0, తేడా ఉంటే 1, గొడవ ఏదైనా అయితే 2. ఇవి మాన్యువల్‌లో రాసి ఉన్నాయి కాబట్టి, జనం దశాబ్దాలుగా వాడుతున్నారు కాబట్టి మోడల్స్‌కి తెలుసు. మనం లోపల కట్టుకున్న టూల్ సంగతి ఎవరికి తెలుసు? సున్నా కాని కోడ్ వస్తే ఫెయిల్ అనుకుని మళ్లీ మళ్లీ అదే కమాండ్ కొడుతుంది, లేదంటే టూల్ పాడైందని పక్కదారి వెతుక్కుంటుంది. అందుకే ప్రతి టూల్‌కీ మూడు సంగతులు విడివిడిగా రాయమంటా: దొరికితే ఏం వస్తుంది, వెతికి దొరక్కపోతే ఏం వస్తుంది, వెతకడమే కుదరకపోతే ఏం వస్తుంది. పర్మిషన్ లేక కొన్ని టికెట్లు దాచేసి ఖాళీ లిస్ట్ ఇచ్చే సర్వర్లు ఉంటాయి, వాటిలో రెండోదీ మూడోదీ కలిసిపోతాయి, బయట నుంచి చూసేవాళ్లకి తేడా తెలిసే అవకాశమే లేదు.

ఇంకోటి, ఎర్రర్ మెసేజ్ కూడా డాక్యుమెంటేషనే. పైగా సరిగ్గా అవసరమైన నిమిషంలో చదవబడేది అదే. "ఇన్వాలిడ్ ఇన్‌పుట్" అని పంపితే ఏజెంట్ ఊహలు మొదలెడుతుంది. "రిక్వెస్టర్_ఐడీ అంకెల్లో ఉండాలి, మీరు ఈమెయిల్ ఇచ్చారు, ఈమెయిల్ నుంచి ఐడీ కావాలంటే ఫైండ్_యూజర్ వాడండి" అని పంపితే తర్వాతి కాల్ సరిగ్గా వస్తుంది. ఎంసీపీలో దీనికోసమే టూల్ ఫలితంలో ఈజ్‌ఎర్రర్ అనే ఫ్లాగ్ ఉంది, పని ఫెయిల్ అయిన సంగతి మోడల్‌కి చేరేది దానితోనే, కాబట్టి అందులో స్టాక్ ట్రేస్ (ఎర్రర్ ఏ ఫంక్షన్ల మీదుగా వచ్చిందో చూపే లిస్ట్) మొత్తం కుమ్మరించకుండా ఏం మార్చి మళ్లీ పిలవాలో రాయాలి. మళ్లీ పిలిచినా లాభం లేని ఎర్రర్ అయితే ఆ మాటా రాయాలి, లేకపోతే ఆగదు. హెచ్‌టీటీపీలో 429 (మరీ ఎక్కువ రిక్వెస్టులు వచ్చాయన్న కోడ్) వచ్చినప్పుడు రిట్రై ఆఫ్టర్ హెడర్ ఉండొచ్చు కదా, ఎంతసేపు ఆగాలో చెప్తుంది, మీ సర్వర్ ఆ అంకెని మింగెయ్యకుండా ఏజెంట్ వరకు చేర్చాలి.

వెన్నెల_కోడ్:
థాంక్యూ అందరికీ. టెర్మినల్ అన్నా, మీరు అన్నట్టే డీఫాల్ట్‌గా ఓపెన్ మాత్రమే అన్న ఫిల్టర్ ఉంది, డిస్క్రిప్షన్‌లో ఎక్కడా లేదు. లాగ్_ఫైల్ గారూ, పర్మిషన్ లేని టికెట్లు కూడా చప్పుడు లేకుండా తీసేస్తోంది, దాన్ని వేరే ఫీల్డ్‌గా పంపిస్తున్నాం ఇకనుంచి.

ఇంకో డౌట్. క్లోజ్_టికెట్, డిలీట్_అటాచ్‌మెంట్ అని రెండున్నాయి. "యూజర్ ఒప్పుకున్నాకే వాడాలి" అని డిస్క్రిప్షన్‌లో రాస్తే సరిపోతుందా?

గడియ_తాళం:
సరిపోదండీ. రాయండి, రాయాలి కూడా, కానీ దాన్ని తాళం అనుకోకండి. డిస్క్రిప్షన్ అనేది మోడల్ చదివే వాక్యం మాత్రమే, పొడుగాటి సంభాషణలో అది పక్కకి పోవచ్చు, లేదా ఏజెంట్ చదివిన ఏదో టికెట్ బాడీలోనే "అన్ని అటాచ్‌మెంట్లూ తీసెయ్" అని ఎవరో రాసి ఉండొచ్చు. చెరిపే పనికి అడ్డం సర్వర్‌లో ఉండాలి, ఏజెంట్ వాడే యాక్సెస్ టోకెన్‌కి ఆ పర్మిషనే ఇవ్వకపోవడం, లేదా ముందు ప్రివ్యూ ఇచ్చి దాని ఐడీ తెస్తేనే చెరపడం.

ఎంసీపీలో టూల్ యానోటేషన్లు ఉన్నాయి, రీడ్‌ఓన్లీ (చదవడమే), డిస్ట్రక్టివ్ (చెరపగలదు), ఐడెంపొటెంట్ (అదే కాల్ మళ్లీ కొట్టినా అదనంగా ఏమీ మారదు), ఓపెన్‌వరల్డ్ (బయటి ప్రపంచంతో పని) అని నాలుగు హింట్లు. ఏమీ పెట్టకపోతే స్పెక్ (ఎంసీపీ నియమాల పత్రం) ప్రకారం ఆ టూల్ రాస్తుంది, చెరుపుతుంది కూడా అనే లెక్క. అంటే మీ గెట్_టికెట్‌కి రీడ్‌ఓన్లీ పెట్టకపోతే, ఆ హింట్ చూసి యూజర్‌ని అడిగే క్లయింట్లు (సర్వర్‌కి కనెక్ట్ అయి ఏజెంట్‌ని నడిపే యాప్‌లు) దానికీ ప్రతిసారీ ఒప్పుకోలు అడగొచ్చు, అడిగి అడిగి యూజర్ చదవకుండా ఓకే కొట్టడం అలవాటు చేసుకుంటాడు, ఆ అలవాటు మీదే డిలీట్ కూడా వెళ్లిపోతుంది. పేరులో చెప్పినట్టే అవి హింట్లు. నమ్మకం లేని సర్వర్ నుంచి వచ్చిన హింట్లని క్లయింట్ నమ్మకూడదని స్పెక్ స్పష్టంగా చెప్తుంది.

దీనికి తోడు, టూల్ ఏం చేస్తుందన్న లైన్ తర్వాత ఇంకేం కదులుతుందో రాయండి. టికెట్ మూస్తే రిక్వెస్టర్‌కి మెయిల్ వెళ్తుందా? మళ్లీ తెరవొచ్చా? అటాచ్‌మెంట్ తీస్తే వెనక్కి వస్తుందా? టైమౌట్ అయితే అదే కాల్ మళ్లీ కొట్టొచ్చా, కొడితే రెండు టికెట్లు పుడతాయా? ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు లేని క్రియేట్ టూల్ చాలా ప్రమాదం, ఎందుకంటే ఏజెంట్లు రిట్రై చెయ్యడంలో చాలా ఉదారంగా ఉంటాయి. పేమెంట్ ఏపీఐల్లో ఐడెంపొటెన్సీ కీ అని ఉంటుంది కదా, అదే కీతో రెండోసారి వస్తే కొత్తది చెయ్యకుండా మొదటి జవాబే ఇస్తుంది, మీ క్రియేట్_టికెట్‌కీ అలాంటిదొకటి పెట్టి ఎప్పుడు అదే కీ వాడాలో రాయండి.

చిన్న_పైప్:
బయట నుంచి తెచ్చిన ఎంసీపీ సర్వర్ల డిస్క్రిప్షన్లు కూడా చదివాకే తగిలించండి, అందులోనే దొంగ ఆదేశాలు దాచే దాడులు ఉన్నాయి. డిస్క్రిప్షన్ మార్పుని కోడ్ మార్పులాగే రివ్యూకి పెట్టాలి.

అక్షర_దోషం:
యూనిట్లు!! ఇది ఎవరూ అనట్లేదు. టైమ్‌స్టాంప్ అని రాసి వదిలేస్తారు, పైథాన్ టైమ్ సెకన్లలో ఇస్తుంది, జావాస్క్రిప్ట్ డేట్ మిల్లీసెకన్లలో ఇస్తుంది, మోడల్ రెండూ బోలెడన్ని చూసి ఉంది కాబట్టి ఏదో ఒకటి వేస్తుంది, వెయ్యి రెట్లు తేడా. తేదీ అయితే ఆర్ఎఫ్‌సీ 3339 ఫార్మాట్‌లో, టైమ్‌జోన్ తప్పనిసరి అని రాసి పక్కనే ఒక నమూనా విలువ ఇవ్వండి, నమూనా ఒక్కటి పేరా వివరణ కంటే బాగా పని చేస్తుంది. "నిన్నటి టికెట్లు" అని యూజర్ అంటే ఎవరి నిన్న, సర్వర్‌దా యూజర్‌దా అన్నది కూడా చెప్పాలి. డబ్బు ఫీల్డ్ ఉంటే పూర్తి యూనిట్‌లోనా అతి చిన్న యూనిట్‌లోనా చెప్పాలి. పెద్ద ఐడీలు అంకెలుగా పంపకండి, స్ట్రింగ్‌గా పంపండి, జావాస్క్రిప్ట్ 9,007,199,254,740,991 దాటిన పూర్ణాంకాలన్నిటినీ సరిగ్గా పట్టుకోలేదు, చివరి అంకె మారిపోతుంది, అప్పుడు ఇంకెవరిదో టికెట్ తెరుచుకుంటుంది, ఎక్కడా ఎర్రర్ రాదు.

కొత్త_బ్రాంచ్:
ఇవన్నీ రాస్తే కాంటెక్స్ట్ (మోడల్ ఒకసారికి చదవగలిగే చోటు) నిండిపోదా బ్రో? మా దగ్గర చాలా టూల్స్ ఉన్నాయి, ప్రతి రిక్వెస్ట్‌లోనూ అన్ని డిస్క్రిప్షన్లూ వెళ్తాయి కదా. ఒక ఎల్ఎల్ఎమ్ఎస్ టెక్స్ట్ ఫైల్ పెట్టేసి, రిపోలో ఏజెంట్స్ ఎండీ పెట్టేస్తే సరిపోతుందేమో అనుకుంటున్నా.

పాత_టెర్మినల్:
అవి వేరే పనికి తమ్ముడూ. ఎల్ఎల్ఎమ్ఎస్ టెక్స్ట్ అన్నది ఏఐ పరిశోధకుడు జెరెమీ హోవర్డ్ 2024 సెప్టెంబర్‌లో ప్రతిపాదించాడు, ఒక వెబ్‌సైట్‌లో ఏ పేజీలు ఎక్కడున్నాయో మోడల్‌కి మార్క్‌డౌన్‌లో చూపించడానికి. ఏజెంట్స్ ఎండీ అనేది ఒక రిపోలో బిల్డ్ ఎలా, టెస్ట్ ఎలా, ఏ ఫోల్డర్ ముట్టుకోకూడదు అని కోడింగ్ ఏజెంట్‌కి చెప్పడానికి. టూల్ ఎంచుకునే క్షణంలో ఆ ఫైళ్లు చదివి ఉంటుందో లేదో నీకు తెలియదు. పిలవాలా వద్దా అన్నది తేల్చే మాటలు డిస్క్రిప్షన్‌లోనే ఉండాలి, పిలిచాక కావాల్సిన పెద్ద వివరాలు, అంటే క్వెరీ భాష వ్యాకరణం లాంటివి, విడిగా పెట్టి అడిగినప్పుడు ఇచ్చేలా చెయ్యొచ్చు.

కాంటెక్స్ట్ నిండటం మాత్రం నిజమైన సమస్యే. దానికి వాక్యాలు కత్తిరించే ముందు టూల్స్ కత్తిరించు. ఏపీఐలో ఉన్న ప్రతి ఎండ్‌పాయింట్‌కీ (ఒక్కో పనికి పిలిచే చిరునామా) ఒక టూల్ పుట్టించడం వల్లే ఇంత లిస్ట్ అవుతుంది, అందులో సగం ఏజెంట్‌కి అక్కర్లేదు. జవాబులు కూడా చూసుకో, ఒక టికెట్ అడిగితే దాని చరిత్ర మొత్తం జేసన్‌లో వచ్చి పడుతుంటే డిస్క్రిప్షన్‌లో మిగిల్చిన టోకెన్లు (మోడల్ చదివే టెక్స్ట్‌ని లెక్కపెట్టే ముక్కలు) ఏ మూలకీ రావు.

నాకు మాత్రం పాత మ్యాన్ పేజీలంటేనే (యూనిక్స్ కమాండ్ల మాన్యువల్ పేజీలు) గౌరవం. యూనిక్స్ ప్రోగ్రామర్స్ మాన్యువల్ మొదటిది 1971లో వచ్చింది, అందులోనే ప్రతి కమాండ్‌కీ బగ్స్ అని ఒక విభాగం ఉండేది, ఇది ఇక్కడ పని చెయ్యదు అని తయారు చేసినవాళ్లే పేరు పెట్టి రాసేవాళ్లు. ఆ నిజాయితీ ఇప్పుడు ఏజెంట్లకి రాసేటప్పుడు చాలా అవసరం.

చిన్న_పైప్:
మ్యాన్ పేజీల మాట వచ్చింది కాబట్టి, కమాండ్ లైన్ టూల్స్ ఏజెంట్‌కి ఇచ్చేవాళ్లకి: మధ్యలో ఆగి "అవునా కాదా" అని అడిగే టూల్ అయితే ఆ ప్రశ్న రాకుండా చేసే ఫ్లాగ్ ఏదో మొదటి లైన్లోనే చెప్పండి. సూడో టెర్మినల్‌లో (ప్రోగ్రామ్‌కి నిజం టెర్మినల్‌లా కనపడేది) నడిపితే గిట్ లాగ్ పేజర్ (పేజీ పేజీగా చూపించి కీ నొక్కేదాకా ఆగేది) తెరుచుకుని కూర్చుంటుంది, నో పేజర్ ఆప్షన్ ఇవ్వాలి. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌లో సోర్స్ పాత్ చివర స్లాష్ ఉంటే ఫోల్డర్ లోపలివి కాపీ అవుతాయి, లేకపోతే ఫోల్డరే వెళ్తుంది, దానికి డిలీట్ ఆప్షన్ కూడా తోడైతే ఏం పోతుందో ఊహించండి, డ్రై రన్ (ఏమీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపేది) ముందు నడపమని అక్కడే రాయాలి. మీ సొంత టూల్‌లో కూడా ఇలాంటి ఒక్క అక్షరం తేడా ఉన్న చోట్లు ఏవో వెతికి అవి ముందు రాయండి, హెల్ప్‌లో ఆప్షన్ల పట్టిక తర్వాత వచ్చినా ఫర్వాలేదు.

నీలిగీత:
ఈ డిస్క్రిప్షన్లన్నీ మోడల్‌తోనే రాయించేస్తున్నారు కొందరు. కోడ్ ఇచ్చి రాయమంటే చక్కగా రాస్తుంది, భాష బావుంటుంది, కానీ కోడ్‌లో లేనిది దానికెలా తెలుస్తుంది? టికెట్ మూస్తే ఇంకో సర్వీస్ మెయిల్ పంపుతుందన్న సంగతి ఆ ఫంక్షన్‌లో ఎక్కడా ఉండదు. తెలిసిన మనిషి ముందు ముతకగా నిజాలు రాసిచ్చి, వాక్యాలు సరిచెయ్యమని మోడల్‌కి ఇస్తే సరి.

లాగ్_ఫైల్:
పరీక్షించడానికి మోడల్ బాగా పనికొస్తుంది. ఏ చరిత్రా లేని కొత్త సెషన్‌లో టూల్ లిస్ట్ మాత్రం ఇచ్చి, నిజంగా యూజర్లు అడిగిన ప్రశ్నలు వేసి, ఏ టూల్ ఏ విలువలతో పిలుస్తుందో చూడండి, నడపక్కర్లేదు కూడా. ఒకసారికి ఒక్క డిస్క్రిప్షనే మార్చి మళ్లీ చూడండి. ఏ టూలూ సరిపోని ప్రశ్నలు కూడా కొన్ని కలపండి, అక్కడ ఏదో ఒకటి పిలిచేస్తుంటే మీరు "ఇది చెయ్యదు" అన్న మాటలు సరిగ్గా రాయలేదన్నట్టు. కొన్ని ప్రశ్నలు పక్కన దాచి ఉంచండి, లేకపోతే ఆ ప్రశ్నలకే సరిపడా డిస్క్రిప్షన్ చెక్కుతూ కూర్చుంటారు.

వెన్నెల_కోడ్:
క్లోజ్_టికెట్‌కి ఇలా రాశా, చూడండి:

"ఒక టికెట్‌ని పరిష్కరించినట్టుగా మూస్తుంది. మూయగానే రిక్వెస్టర్‌కి మెయిల్ వెళ్తుంది, ఆ మెయిల్ వెనక్కి తీసుకోలేం. టికెట్‌ని రీఓపెన్_టికెట్‌తో మళ్లీ తెరవొచ్చు. ఇప్పటికే మూసి ఉన్న టికెట్ ఇస్తే ఏమీ మారదు, మెయిల్ వెళ్లదు, ఆల్రెడీ_క్లోజ్డ్ అని వస్తుంది. డూప్లికేట్ అయితే ఇది వాడొద్దు, మెర్జ్_టికెట్ వాడాలి. రీజన్ 200 అక్షరాలు దాటకూడదు, అది రిక్వెస్టర్‌కి కనపడుతుంది."

కీబోర్డ్_చప్పుడు:
చాలా బావుంది. రీజన్ రిక్వెస్టర్‌కి కనపడుతుందన్న ముక్క బంగారం, లేకపోతే ఏజెంట్ లోపలి నోట్స్ అన్నీ అందులో రాసేసేది. నేనైతే ఆ ఫీల్డ్ పేరే పబ్లిక్_రీజన్ అని మార్చేస్తా. 200 అన్నది స్కీమాలో మ్యాక్స్‌లెంగ్త్‌గా ఉందా? వాక్యంలో ఒక చోట, కోడ్‌లో ఒక చోట ఉంటే రేపు కోడ్‌లో మారుతుంది, వాక్యం అలాగే ఉండిపోతుంది.

గడియ_తాళం:
ఇప్పటికే మూసి ఉంటే ఏమీ మారదు అన్నారు కాబట్టి ఐడెంపొటెంట్ హింట్ ట్రూ పెట్టొచ్చు. కానీ రెండు కాల్స్ ఒకేసారి వస్తే రెండు మెయిల్స్ వెళ్తాయేమో కోడ్‌లో చూసి పెట్టండి.

వెన్నెల_కోడ్:
అది రేపు చూస్తానండీ. పేరు మార్చేశా, మ్యాక్స్‌లెంగ్త్ పెట్టేశా. ఒక్కటే మిగిలింది, డిస్క్రిప్షన్ మార్చాక ఇప్పటికే కనెక్ట్ అయి ఉన్న క్లయింట్లకి పాతదే కనపడుతోంది, ఫీల్డ్ పేరు మారింది కాబట్టి కాల్స్ ఫెయిల్ అవుతున్నాయి.

చిన్న_పైప్:
టూల్స్ లిస్ట్ మారిందని సర్వర్ నుంచి నోటిఫికేషన్ పంపే ఏర్పాటు ఎంసీపీలో ఉంది, లిస్ట్‌చేంజ్డ్ అని, మొదట్లో కేపబిలిటీస్‌లో (సర్వర్ ఏమేం చెయ్యగలదో చెప్పే లిస్ట్) దాన్ని ప్రకటించాలి. అన్ని క్లయింట్లూ పట్టించుకోవు. కొన్నాళ్లు రీజన్ అన్న పాత పేరు కూడా తీసుకుని, ఫలితంలో "ఈ ఫీల్డ్ పేరు ఇప్పుడు పబ్లిక్_రీజన్" అని ఒక లైన్ పంపండి, ఏజెంట్ తర్వాతి కాల్‌లో కొత్త పేరు వాడుతుంది.